టెక్ సందేహాలు: ప్లగ్గు పీకేసినా లోపల కరెంటు ఉండొచ్చు

ప్రశ్న: మావాడు బీటెక్ సెకండియర్. బాల్కనీలో మూలన పడున్న మైక్రోవేవ్, సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్, వాటర్ ప్యూరిఫయర్ విప్పి పార్టులు ప్రాజెక్టుకు వాడుకుంటానంటున్నాడు. మూడింటికీ కలిపి కబాడీ అతను చెప్పిన ధర ఆటో చార్జీకి కూడా రాదు. విప్పనివ్వమంటారా? – ఒక గృహిణి, మల్కాజ్‌గిరి

విప్పనివ్వండి. ముందు ప్యూరిఫయర్ పట్టమనండి. మైక్రోవేవ్ జోలికి మాత్రం అస్సలు వద్దు.

ఆర్వో ప్యూరిఫయర్ మంచి గని. లోపలి పంపు, నీళ్లను ఆపే సోలినాయిడ్ వాల్వ్ చాలా మోడళ్లలో 24 వోల్టుల డీసీ మీదే నడుస్తాయి. మీదాంట్లో ఎంతో అడాప్టర్ మీద రాసుంటుంది. పైపు ఊడకపోతే లాగి పీక్కోవద్దు. అది దూరిన చోట చిన్న ప్లాస్టిక్ రింగు ఉంటుంది, దాన్ని గోటితో లోపలికి నొక్కి పట్టి లాగితే వచ్చేస్తుంది. పంపులో మిగిలిన నీళ్లు కాళ్ల మీద పడతాయి, కింద బేసిన్ పెట్టుకోమనండి. ఆ పంపును దాని అడాప్టర్‌తోనే నడిపిస్తూ, పంపు పైపుకి నాలుగు మిస్ట్ నాజిళ్లు తగిలిస్తే ఏప్రిల్ ఎండల్లో బాల్కనీ మొక్కలకు తుంపర రెడీ. బోరు నీళ్లయితే తెల్లపొర కట్టి నాజిళ్లు మూసుకుపోతాయి, అప్పుడప్పుడు వెనిగర్‌లో నానబెట్టాలి. అడాప్టర్‌ను మాత్రం విప్పొద్దు, ఉన్నదున్నట్టే వాడుకోవాలి. నీళ్లలో క్రిములను చంపే యూవీ ట్యూబు ఉంటే అందులో పాదరసం ఉంటుంది. పగలకుండా పక్కన పెట్టండి, వెలిగించి చూడకండి.

ఇక వాషింగ్ మెషిన్. మోటార్ల దగ్గర డబ్బాలాంటిది ఒకటుంటుంది. మన మెకానిక్‌లు కండెన్సర్ అనేది, పుస్తకాల్లో కెపాసిటర్ అని రాసేది దాన్నే. మామూలుగా ప్లగ్గు తీశాక దాని చార్జ్ మోటార్ వైండింగ్ (లోపలి తీగ చుట్ట) గుండా దిగిపోతుంది. వైండింగ్ కాలి తెగిపోతే ఆ దారి ఉండదు, మూడొందల వోల్టులకు పైగా అందులోనే నిలిచిపోవచ్చు. అంటే నడిచే మెషిన్ కంటే చచ్చిన మెషినే ఎక్కువ ప్రమాదం! ఈ సంగతి తెలియని రోజుల్లో, అప్పుడే ప్లగ్గు తీసిన మెషిన్‌లో కండెన్సర్ కొసలకు నేను స్క్రూడ్రైవర్ ఆనించాను. టప్ మని పేలినట్టయింది. స్క్రూడ్రైవర్ కొన మీద ఆవగింజంత గుంట పడింది. అది ఇంకా నా టూల్ బాక్సులోనే ఉంది.

కాబట్టి పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు హోల్డర్‌కి రెండు వైర్లు కట్టి, ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కండెన్సర్ కొసలకు కాసేపు తగిలించాలి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు, వోల్టేజీ కాస్త తగ్గగానే అది ఆగిపోతుంది, మిగిలిన చార్జ్ అలాగే ఉండిపోతుంది. కండెన్సర్‌కి మూడు వైర్లుంటే రెండేసి చొప్పున అన్ని జతలకూ ఇలాగే చేయాలి. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. ఆ తర్వాత కీ తిప్పే టైమర్, డ్రైన్ పైపు, అడుగు చక్రాలు నిశ్చింతగా తీసుకోవచ్చు. మోటార్లు 230 వోల్టులవి, వాటితో నీళ్ల ప్రాజెక్టులు వద్దు.

మైక్రోవేవ్ ఎందుకొద్దంటున్నానంటే, దాని ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేదే రెండు వేల వోల్టుల చిల్లర. కండెన్సర్‌లో అంతకంటే ఎక్కువే నిలవుంటుంది. చార్జ్ దింపే రెసిస్టర్ లోపలే ఉంటుంది గానీ, అది పాడైందో లేదో పైకి తెలీదు. మనం కొనే మామూలు మల్టీమీటర్లు వెయ్యి వోల్టుల దగ్గరే ఆగిపోతాయి, దాంతో చూద్దామన్నా కుదరదు. అయస్కాంతాల కోసం మాగ్నెట్రాన్‌ను, అంటే వేడిచేసే తరంగాలను పుట్టించే భాగాన్ని, పగలగొట్టేవాళ్లూ ఉన్నారు. కొన్నిటి పింగాణీ భాగంలో బెరిలియం ఆక్సైడ్ ఉండొచ్చు, ఆ పొడి ఊపిరితిత్తులకు విషం. ఇంత చేస్తే మిగిలేవి ప్లేటు తిప్పే చిన్న మోటారు, రెండు మూడు స్విచ్‌లు. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే అలాంటి స్విచ్‌లు కొత్తవే వస్తాయి.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పగలగొట్టి లోపలి సెల్స్‌తో పవర్ బ్యాంక్ చేయొచ్చా? – విద్యార్థి, కూకట్‌పల్లి

చేసేవాళ్లున్నారు, నేనైతే చెయ్యమనను. ప్యాక్‌ను చాకుతో తెరిచేటప్పుడే సెల్ షార్టయి మంట రావొచ్చు. సెల్ 2.5 వోల్టుల కంటే కిందికి పడిపోయి ఉంటే దాన్ని మళ్లీ చార్జ్ చేయనే కూడదు. ఉబ్బిన ప్యాక్‌నైతే తెరవకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి.

ప్రశ్న: పాత ఫ్రిజ్ కంప్రెషర్‌తో గాలి పంపు చేసుకోవాలనుంది. గొట్టం కోస్తే సరిపోతుందా? – మెకానిక్, ఉప్పల్

కోయకండి. ముందు లోపల ఏ గ్యాస్ ఉందో కంప్రెషర్ మీద స్టిక్కర్ చూడండి. ఆర్-600ఏ అని ఉంటే అది ఐసోబ్యూటేన్, మన వంట గ్యాస్‌కి చుట్టం. గదిలో నిప్పురవ్వ చాలు. ఆర్-134ఏ అయితే అంటుకోదు గానీ, వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా ఘాటు. గ్యాస్‌ను మెషిన్‌తో సిలిండర్లోకి లాగే ఫ్రిజ్ మెకానిక్‌తో ఆ పని చేయించాకే గొట్టం ముట్టుకోండి. అతను వచ్చేలోపు అరలు, కూరగాయల ట్రే, తలుపు రబ్బరులోని అయస్కాంతపు పట్టీ తీసిపెట్టుకోండి. ఆ పట్టీ ముక్కలు మా షెడ్డులో స్క్రూలు అంటించుకోవడానికి పనికొస్తున్నాయి.