యూనియన్లు కలిశాయి, కమిటీ కదలడం లేదు: సమాధానం

అసంఘటిత కార్మికుల (స్థిరమైన ఉద్యోగం, యజమాని లేకుండా పనిచేసేవాళ్ల) కోసం మూడు స్వతంత్ర యూనియన్లు కలిసి కమిటీ వేసుకున్నాం, అధ్యక్ష పదవి దగ్గర అది ఆగిపోయిందని మీరు రాశారు. అసలు చిక్కు అక్కడ కాకపోవచ్చు. మీ యూనియన్ల నియమావళిలో సభ్యత్వ నిబంధన చూడండి. "యజమాని కింద జీతానికి పనిచేసేవారు" అని ఉంటే వీధి వ్యాపారులు, ఇంటి దగ్గరే పనిచేసేవాళ్లు, చెత్త ఏరేవాళ్లు సభ్యులు కాలేరు. ఎవరి కోసం కలిశారో వాళ్లకే ఓటు లేదన్నమాట.

1. ముందు ఆ నిబంధన మార్చండి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. నాయకుల సంతకాలు చాలవు. ప్రతి యూనియన్ తన సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయాలి. "మా చందా వాళ్లకెందుకు?" అని తప్పకుండా అడుగుతారు. అదే పనిని బయట తక్కువ కూలికి చేయించుకోగలిగినంత కాలం మన జీతాల బేరమూ బలహీనమేనని ఓపికగా చెప్పండి. ఒక్క సమావేశంలో తేలకపోతే మళ్లీ పెట్టండి. ఈ చర్చ తప్పించుకుంటే మొదటి గొడవకే పొత్తు విడిపోతుంది.

2. ఒకరి సభ్యులను ఒకరు లాక్కోకూడదని, చందా లెక్క ఎవరు చూడాలో రాసుకోండి.

3. అసంఘటిత కార్మికులు తామే ఎన్నుకున్న ప్రతినిధులకు కమిటీలో ఓటు ఇవ్వండి. ఆహ్వానితులుగా కూర్చోబెట్టడం వాళ్లకు అవమానం. అభ్యంతరాలొస్తే అసంఘటిత రంగం గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2015లో చేసిన 204వ సిఫార్సు చూపించండి. సంఘం పెట్టుకునే హక్కు కార్మికులందరిదని అదే సంస్థ 1948 నాటి 87వ ఒప్పందమే చెప్పింది.

4. మొదటి డిమాండ్ ఒక్కటే పెట్టుకోండి, ఎవరితో బేరమాడాలో తేల్చుకున్నాకే. వీధి వ్యాపారులకైతే స్థానిక పాలకవర్గం, ఇంటి దగ్గర పనిచేసేవాళ్లకైతే పని ఇచ్చే కాంట్రాక్టరు, అతని పైనున్న కంపెనీ.