స్కార్‌బరోలో సముద్రం కనిపించే గదా, మెట్లు లేని ఇల్లా?

ప్రశ్న: మేడమ్, మేము ఇంగ్లండ్‌లో లీడ్స్‌లో ఉంటాం. మా అత్తయ్య, మామయ్య ఇండియా నుంచి వచ్చారు. జులై నెలాఖరులో వాళ్లనీ, మా నాలుగేళ్ల బాబునీ తీసుకుని నాలుగు రోజులు యార్క్‌షైర్ తీరంలో ఉన్న స్కార్‌బరో వెళ్దామనుకుంటున్నాం. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. పెద్దవాళ్లిద్దరూ శాకాహారులు. మాకు కారు లేదు. మూడు చోట్లు చూసి పెట్టాను. ఒకటి సౌత్ క్లిఫ్ మీద ఎస్‌ప్లనేడ్‌లో హోటల్, లిఫ్ట్ ఉంది. రెండోది నార్త్ బే వైపు క్వీన్స్ పరేడ్‌లో గెస్ట్‌హౌస్. గది రెండో అంతస్తులో, కిటికీ తీస్తే సముద్రమే, పైగా అన్నిటికన్నా చవక. మూడోది పీజ్‌హోమ్ పార్క్ దగ్గర గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్. వంటగది ఉంది కానీ సముద్రం కనిపించదు. "సముద్రం కోసం వెళ్తూ అది కనిపించని ఇంట్లో దిగడమేంటి?" అంటున్నారు మావారు. ఏది తీసుకోమంటారు?
— ఒక పాఠకురాలు, లీడ్స్

జవాబు: మూడోదే తీసుకోండి. మీవారి మాట నాకు అర్థమైంది, దాని దగ్గరికి వస్తాను. ముందు అత్తయ్యగారి మోకాళ్ల సంగతి చూద్దాం.

స్కార్‌బరోను ఫోన్‌లో మ్యాప్ పెట్టి చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. ఊరు కొండ మీద, ఇసుక కింద. మధ్యలో కోట ఉన్న గుట్ట తీరాన్ని సౌత్ బే, నార్త్ బే అని రెండు ముక్కలు చేస్తుంది. ఎస్‌ప్లనేడ్ ఉన్నది సౌత్ బే పైన, కొండ అంచున. అక్కడి నుంచి బీచ్‌కి నడిచి దిగాలంటే తోటల్లోంచి వంకర్లు తిరిగే దారులే. దిగడం ఒక ఎత్తు, బాబు నిద్రకొచ్చాక వాణ్ణి ఎత్తుకుని, పెద్దావిడ చేయి పట్టుకుని తిరిగి పైకి రావడం ఇంకో ఎత్తు. ఊరి వైపు నుంచి బీచ్‌కి దింపే సెంట్రల్ ట్రామ్‌వే అనే కొండవాలు రైలు 1881 నాటిది, పిల్లలకు సరదాగా ఉంటుంది. కానీ రోజూ అక్కడిదాకా వెళ్లడమే ఒక పని. అయినా ఫ్లాట్ దొరక్కపోతే మాత్రం ఈ హోటలే తీసుకోండి. ఎస్‌ప్లనేడ్ రోడ్డు చదునుగా ఉంటుంది, బెంచీల మీద కూర్చుంటే కోటదాకా సౌత్ బే అంతా కనిపిస్తుంది.

గెస్ట్‌హౌస్ మాత్రం వద్దేవద్దు. ఆ వీధుల్లో చాలావరకు విక్టోరియా రాణి కాలపు ఇళ్లు. లిఫ్ట్ ఉండటం అరుదు. కింది అంతస్తుల్లో పైకప్పులు బాగా ఎత్తు, కాబట్టి ఒక్కో అంతస్తుకీ మనం మామూలుగా అనుకునేదానికన్నా మెట్లు ఎక్కువ. పైకి పోయేకొద్దీ మెట్లు ఇరుకవుతాయి, వాటి మీద మెత్తటి కార్పెట్, ఒకవైపే పట్టుకోడానికి కర్ర. మా అత్తగారికీ మోకాళ్ల బాధే కనుక నేను బుక్ చేసే ముందు ఫోన్ చేసి ఒకటే అడుగుతాను: ఫుట్‌పాత్ నుంచి మంచందాకా ఎన్ని మెట్లు? ఒకావిడ ఫోన్ చెవిన పెట్టుకునే ఎక్కుతూ లెక్కపెట్టింది. వీధి గుమ్మానికి ఐదు, లోపల పదిహేడు, మలుపు తిరిగాక మరో నాలుగు. ఫస్ట్ ఫ్లోర్ గదికే అది! చెప్పేసి, "మీ అత్తగారికి కింది గది ఖాళీ చేసిపెడతాను" అంది. నడిపేవాళ్లతో నేరుగా మాట్లాడితే ఇలాంటివి కుదురుతాయి, వెబ్‌సైట్‌లో కుదరవు.

ఫ్లాట్ వాళ్లకీ ఫోన్ చేయండి. గ్రౌండ్ ఫ్లోర్ అన్నా గుమ్మం బయట నాలుగైదు మెట్లు ఉండొచ్చు. "లోయర్ గ్రౌండ్ ఫ్లోర్" అంటే మాత్రం సగం నేలలో ఉండే అంతస్తు, మెట్లు దిగి వెళ్లాలి. ఇంకో ముఖ్యమైన సంగతి బాత్రూమ్. ఇక్కడ చాలా ఇళ్లలో షవర్ బాత్‌టబ్ లోపలే ఉంటుంది. మోకాళ్లు వంగని మనిషి తడి కాళ్లతో ఆ అంచు దాటడం నాకు మెట్లకన్నా ఎక్కువ టెన్షన్. నేల మట్టానికే ఉండే "వాక్-ఇన్ షవర్" ఉందేమో అడగండి, లేకపోతే టబ్‌లో వేసుకునే రబ్బరు మ్యాట్ తీసుకెళ్లండి. ఒక మగ్గు కూడా.

తిండి విషయంలో వంటగది ఉండటం పెద్ద వరం. గెస్ట్‌హౌస్‌లో ఉదయం శాకాహారం అడిగితే బీన్స్, పుట్టగొడుగులు, టమాటా, టోస్ట్ పెడతారు, ఒక పూటకి బాగానే ఉంటుంది. సాయంత్రం బీచ్‌లో వాసనకి అందరికీ చిప్స్ తినాలనిపిస్తుంది. యార్క్‌షైర్‌లో చాలా చిప్స్ షాపుల్లో వేయించేది బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే గొడ్డు కొవ్వులో. పెద్దవాళ్ల చేతికి పొట్లం ఇచ్చేముందు ఏ నూనె అని అడిగి తీరాలి. చేపలు వేయించిన నూనెలోనే చిప్స్ కూడా వేయిస్తుండొచ్చు, అదీ అడగండి. ఫ్లాట్‌లో అయితే పప్పు, అన్నం, పెరుగు ఉంటే చాలు, మామయ్యగారు హాయిగా పడుకుంటారు. పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు మూసి, ఫ్యాన్ వేసి, కిటికీ తీయండి. ఎండుమిర్చి ఘాటుకి స్మోక్ అలారం మోగితే బిల్డింగ్ అంతా బయటికొస్తుంది.

ఇప్పుడు మీవారి మాట. ఈ తీరంలో వేసవి మొదట్లో "సీ ఫ్రెట్" అనే పొగమంచు వస్తుంది. వెచ్చటి గాలి చల్లటి నార్త్ సీ మీదుగా వచ్చేటప్పుడు మంచుగా మారి, తూర్పుగాలితో ఊళ్లోకి కమ్ముకొస్తుంది. అది వచ్చిన రోజు సముద్రం గదిలోకీ కనిపించదు, వీధిలోకీ కనిపించదు. పైగా తీరం తూర్పు ముఖం కదా, జులైలో ఐదింటి ప్రాంతంలోనే ఎండ నేరుగా కళ్లలో పడుతుంది. కిట్టివేక్ అనే సముద్రపు పక్షులు ఊళ్లో భవనాల అంచుల మీద కూడా గూళ్లు కడతాయి, ఆ అరుపులకి బాబు మళ్లీ పడుకోడు.

పీజ్‌హోమ్ దగ్గర దిగితే సముద్రం గదిలో కాదు గానీ, కాస్త నడిస్తే కాళ్ల దగ్గరే ఉంటుంది. 1912లో తెరిచిన ఆ పార్క్‌లో చెరువు, మధ్యలో లంక, దాని మీద పగోడా. వేసవిలో అక్కడ చిన్న ఓడలతో చేసే ఉత్తుత్తి యుద్ధం చూపించండి, మీ వాడు వదిలి రానంటాడు. పక్కనే 1931 నాటి బుల్లి రైలు, సముద్రం పక్కగా స్కాల్బీ మిల్స్ దాకా వెళ్తుంది. నార్త్ బే ఒడ్డున రోడ్డు చదునే, అత్తయ్యగారు తన నడకలో తాను నడవొచ్చు. సౌత్ బే సందడి చూడాలంటే వేసవిలో తీరం వెంట పైకప్పు లేని బస్సు తిరుగుతుంది. స్టేషన్ నుంచి మాత్రం సామానుతో నడవకండి, టాక్సీ ఎక్కేయండి.

తేదీ మార్చగలిగితే మార్చండి. బాబు ఇంకా రిసెప్షన్‌లో, అంటే ఇక్కడి స్కూలు మొదటి ఏడాదిలో, చేరకపోయి ఉంటే స్కూలు సెలవుల కోసం ఆగక్కర్లేదు. ఇంగ్లండ్‌లో స్కూళ్లు మూసేది సాధారణంగా జులై 20 ప్రాంతంలో. ఆ తర్వాత చాలా ఫ్లాట్లు శనివారం నుంచి శనివారం దాకా, వారానికే ఇస్తారు, రేటూ పెరుగుతుంది. జులై మొదటి రెండు వారాల్లో, సోమవారం నుంచి శుక్రవారం వరకు అడగండి. అప్పటికీ వారం తీసుకోవాల్సిందే అంటే, ఆ వారం అద్దెనీ హోటల్ రెండు గదుల నాలుగు రాత్రుల ఖర్చునీ పక్కపక్కన రాసి చూడండి. తేడా కొద్దిగానే ఉంటే ఫ్లాటే తీసుకుని, వీలైతే ఇంకో రెండు రోజులు ఎక్కువ ఉండి రండి.