మొక్కజొన్నకి యూరియా పెంచుకుంటూ పోతే దిగుబడి పెరుగుతుందా?

గరివిడి, చీపురుపల్లి వైపు వరి కోసాక హైబ్రిడ్ మొక్కజొన్న వేసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. కొంతవరకే పెరుగుతుంది.

లెక్క ఇలా చూడండి. టన్ను గింజ తయారవడానికి పైరు సుమారు 20–25 కిలోల నత్రజని తీసుకుంటుంది. అంటే ఎకరాకి 30 క్వింటాళ్లు కావాలంటే 60–75 కిలోలు మొక్కలోకి చేరాలి, వేసిందంతా మొక్కకి అందదు కాబట్టి రబీలో 80 కిలోలకి తగ్గకుండా వేయమంటారు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20 కిలోల పైచిలుకే. అదీ ఒక్కసారే గుమ్మరించకండి: విత్తేటప్పుడు కొంత, మోకాలెత్తులో కొంత, పూతకి ముందు కొంత.

పొటాష్ మాత్రం చాలామంది మానేస్తున్నారు, నాకు బాధ అనిపించేది అక్కడే. అది ఎక్కువగా చొప్పలోనే ఉండిపోతుంది, ఆ చొప్ప పశువులకి వెళ్లిపోతే మీ పొలంలోని పొటాష్ కూడా దాంతోపాటే వెళ్లిపోయినట్టు.

ఆకు చూస్తే తెలిసిపోతుంది. కింది ఆకు కొన నుంచి మధ్య ఈనె వెంట పసుపు దిగితే నత్రజని లోపం, అంచులు మాడితే పొటాష్ లోపం. లేత ఆకుల మీద ఈనెకి అటూ ఇటూ తెల్లటి పట్టీ కనిపిస్తే జింకు, వరి తర్వాత వేసిన చేలల్లో ఇది మామూలే. జింకు సల్ఫేటుని భాస్వరం ఉండే డీఏపీ ఎరువుతో కలిపి మాత్రం వేయకండి.