లోపమా, మార్పా, తేడానా?

సందేహం: ఒకే పరిశోధన గురించి ఒకచోట "మైగ్రేన్ వల్ల మెదడు నిర్మాణంలో మార్పులు" అనీ, ఇంకోచోట "మైగ్రేన్ రోగుల మెదడులో లోపాలు" అనీ చదివాను. ఏది సరి? మైగ్రేన్‌ను పార్శ్వపు నొప్పి అనవచ్చా?

సమాధానం: రెండూ సరికావు. అక్కడ ఉండాల్సింది "తేడాలు".

మార్పు అంటే ముందు ఒకలా ఉండి, తర్వాత మరోలా కావడం. ఇలాంటి పరిశోధనల్లో చాలావరకు మైగ్రేన్ ఉన్నవారికీ లేనివారికీ ఎమ్మారై తీసి, పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఆ మనిషికి మైగ్రేన్ మొదలవకముందు తీసిన స్కాన్ ఉండదు. ముందు సంగతి తెలియనిదే మారిందని ఎలా అంటాం?

"లోపం" ఇంకా ఇబ్బంది. వ్యాకరణంలో అక్షరం కనబడకుండా పోవడాన్ని లోపం అంటాం. మామూలు వాడుకలోనూ ఏదో తక్కువైందనే అర్థం. కానీ స్పర్శ, నొప్పి కబుర్లు అందుకునే మెదడు పైపొర మైగ్రేన్ ఉన్నవారిలో మందంగా ఉందని 2007లో ఒక అధ్యయనం చెప్పింది. మందంగా ఉన్నది లోపమెలా అవుతుంది? 2022లో 7 టెస్లా అనే చాలా శక్తిమంతమైన ఎమ్మారైతో చూసినవారికి, మెదడు లోపలి సన్నని రక్తనాళాల చుట్టూ ఉండే సందులు వెడల్పుగా కనిపించాయి. మెదడులో నరాల తీగలుండే తెల్లపదార్థంలో చిన్నచిన్న మచ్చలు ఎక్కువగా ఉంటాయన్నది అంతకుముందు నుంచీ ఉన్న మాట. అలాంటి మచ్చలు మైగ్రేన్ లేనివారిలోనూ ఉంటాయి. శీర్షికలో "లోపాలు" అని చూసిన మనిషికి ఊరికే టెన్షన్!

అసలు చిక్కు "వల్ల" దగ్గరుంది. వలన, కంటె, పట్టి అని చిన్నప్పుడు వల్లించిన పంచమీ విభక్తి ఇది. ఇక్కడ కారణాన్ని తేల్చి చెబుతుంది. ఆ తేడాలు మైగ్రేన్ తెచ్చినవా, మైగ్రేన్‌కు అవే దారితీశాయా, రెండింటికీ మూలం వేరే ఉందా అన్నది ఇంకా తేలలేదు. అందుకే "మైగ్రేన్ ఉన్నవారి మెదడు నిర్మాణంలో తేడాలు" అని రాయండి. ఒక మాట ఎక్కువైనా ఫర్వాలేదు.

ఇక పార్శ్వపు నొప్పి అనవచ్చు, వాడుకలో ఉన్నదే. మైగ్రేన్‌కు మూలమైన గ్రీకు మాటకూ సగం తల అనే అర్థం, ఆయుర్వేదంలోని అర్ధావభేదకంలోనూ ఆ సగమే ఉంది. అయితే నొప్పి రెండు వైపులా వచ్చేవారు చాలామంది. కొందరికి కళ్లముందు మెరుపు గీతలు కనిపించి, తలనొప్పి రాకుండానే పోతుంది కూడా. కాబట్టి వైద్య విషయం రాసేటప్పుడు మొదట ఒకసారి "మైగ్రేన్ అనే పార్శ్వపు నొప్పి" అని చెప్పి, ఆపైన మైగ్రేన్ అనే వాడండి.