ఆన్‌లైన్ క్యాడ్‌లో పని మొదలుపెట్టిన మేనకోడలికి

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. రాయగడలో ఫ్యాబ్రికేషన్ షాపులో డ్రాయింగ్ పని దొరికిందని మీ అమ్మ ముందే చెప్పింది, చాలా సంతోషం. ఆన్‌షేప్‌లో, అంటే బ్రౌజర్‌లోనే నడిచే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో (క్యాడ్ అంటే అదే), ఒక గేటు బొమ్మ గీయడానికి పొద్దంతా పట్టిందనీ, తీరా ఓనర్ వచ్చి "అర అడుగు వెడల్పు పెంచు" అనేసరికి సగం బొమ్మ ఎర్రగా అయిపోయి మళ్ళీ మొదటి నుంచీ గీశాననీ రాశావు. స్పీడ్ పెరగడానికి షార్ట్‌కట్‌లు చెప్పమన్నావు. చెబుతాను, కానీ అవి తర్వాత. నీ టైం పోయింది గీతల దగ్గర కాదు, మార్పు దగ్గర. షాపు పనిలో మార్పు రాని డ్రాయింగ్ అంటూ ఉండదమ్మా. కస్టమర్ మనసు మారుతుంది, సైట్‌కి వెళ్తే పిల్లర్ల మధ్య కొలత తేడా వస్తుంది, అనుకున్న సైజు పైపు బజార్లో దొరకదు. అందుకే ఏ బొమ్మైనా మొదలుపెట్టే ముందు, మౌస్ ముట్టుకోకుండా, ఇందులో రేపు మారేవి ఏమిటి, మారనివి ఏమిటి అని ఒక తెల్లకాగితం మీద రాసుకో.

నీ గేటునే తీసుకుందాం. ఒక రెక్క వెడల్పు 5 అడుగులు, అంటే 1524 మిల్లీమీటర్లు. చుట్టూ ఫ్రేముకి 40 మిల్లీమీటర్ల చదరపు పైపు, లోపల నిలువుగా 12 మిల్లీమీటర్ల కడ్డీలు 12. ఇందులో మారేవి వెడల్పు, ఎత్తు, పైపు సైజు, కడ్డీ సైజు, కడ్డీల సంఖ్య. ఈ ఐదింటినీ ఫీచర్ లిస్టులో (చేసిన పనులు వరుసగా కనిపించే చోటు) అన్నింటికంటే పైన వేరియబుల్స్‌గా, అంటే విలువ ఎప్పుడైనా మార్చుకోగల పేర్లుగా పెట్టు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నవిగా పెట్టుకో, తర్వాత ఎక్కడ కావాలన్నా ముందు హ్యాష్ గుర్తు వేసి ఆ పేరు కొడితే చాలు. ఇక లెక్క చూడు. 1524లో రెండు వైపులా పైపులకి 80 తీసేస్తే లోపల 1444 మిగులుతుంది, అందులో 12 కడ్డీలకి 144 పోతే 1300, సందులు 13 కాబట్టి ఒక్కో సందు సరిగ్గా 100. నువ్వు ఈ 100ని అంకెగా కొట్టేశావు కదా, అక్కడే దెబ్బతింది. అంకె కాకుండా పైన చెప్పిన తీసివేత, భాగారం ఉన్నదున్నట్టు సూత్రంగా రాసి ఉంటే, వెడల్పు 5.5 అడుగులు అనగానే సందు దానంతటదే 111.7 మిల్లీమీటర్లయ్యేది. అది మరీ వెడల్పుగా ఉంది, కుక్కపిల్ల దూరుతుంది అనిపిస్తే కడ్డీల సంఖ్య 13 చెయ్యి, సందు 102.9కి వస్తుంది. మొత్తం మార్పు రెండు అంకెలు.

ఇక్కడ ఇంకోటి, కొత్తవాళ్ళు తరచూ తడబడేది. ఒక కడ్డీని వరుసగా కాపీలు చేసే లీనియర్ ప్యాటర్న్‌లో ఇవ్వాల్సింది సందు కాదు, ఒక కడ్డీ మధ్య నుంచి ఇంకో కడ్డీ మధ్యకి ఉన్న దూరం. అంటే 100కి 12 కలిపి 112. ఇది తప్పితే చివరి సందు ఒక్కటే పెద్దదిగా మిగిలిపోతుంది, స్క్రీన్ మీద కంటికి ఆనదు, వెల్డింగ్ అయ్యాక మాత్రం ఊరందరికీ కనిపిస్తుంది.

స్కెచ్ రంగులు గమనించు. నీలంగా ఉన్న గీత ఇంకా ఎటైనా జరగగలదు. నలుపు అయితే పూర్తిగా కుదిరింది. ఎరుపు అంటే ఒకదానికొకటి పొసగని కొలతలో షరతులో ఇచ్చావని. నీలం గీతలు వదిలేసి ముందుకు పోవద్దు, ఎంత తొందరున్నా సరే. నీ గేటు అలా చెదిరిపోవడానికి నీలం గీతలు కూడా ఒక కారణం అయ్యుంటాయి, ఎందుకంటే వెడల్పు మార్చగానే వాటికి ఎటు జరగాలో చెప్పినవాళ్ళు లేరు. స్కెచ్‌ని గాలిలో ఎక్కడో మొదలుపెట్టకుండా ఆరిజిన్ (సున్నా బిందువు) మధ్యలో ఉండేలా గీయి, అప్పుడు రెండు వైపులా సమానంగా పెరుగుతుంది, సగం గీసి మిగతా సగాన్ని అద్దంలో బొమ్మలా మిర్రర్ చేసుకోవచ్చు కూడా. ఇదంతా మొదట్లో పని నెమ్మదించినట్టే అనిపిస్తుంది. కొన్నాళ్ళు ఓపిక పట్టు.

పైపు పనికి ఎక్స్‌ట్రూడ్ (స్కెచ్‌ని లాగి మందం ఇవ్వడం) మీద ఎక్స్‌ట్రూడ్ చేస్తున్నావని అనుమానంగా ఉంది. ఆన్‌షేప్‌లో ఫ్రేమ్ అనే టూల్ ఉంది, గ్రిల్లు, గేటు, షెడ్డు, మెట్ల రెయిలింగ్ లాంటి వాటికే అది. స్కెచ్‌లో ఒట్టి గీతలు గీసి, పైపు సైజు ఎంచుకుంటే ఆ గీతల వెంట పైపు తనే పరుచుకుంటుంది, మూలల్లో 45 డిగ్రీల కోత కావాలా, ఒకదానికి ఒకటి ఆనించాలా అన్నది నువ్వు చెప్పొచ్చు. ఒక్క జాగ్రత్త, మామూలుగా గీత పైపు మధ్యలోకి వస్తుంది. నువ్వు 1524 గీస్తే బయటి కొలత 1564 అవుతుంది. కాబట్టి స్కెచ్ వెడల్పుని వెడల్పు మైనస్ పైపు సైజు అని రాయి, లేదా పైపులో ఏ అంచు గీత మీద ఆనాలో అక్కడే మార్చుకో. అన్నింటికంటే పనికొచ్చేది కట్ లిస్ట్. ఏ పైపు ఎంత పొడవు, ఎన్ని ముక్కలు అని టేబుల్ వచ్చేస్తుంది, అది చేతిలో పెడితే పైపు కోసే కుర్రాడు నిన్ను ఏమీ అడగక్కర్లేదు. మీ ఓనర్ దగ్గర నీకు విలువ పెరిగేది కూడా ఈ టేబుల్ వల్లే అని నా నమ్మకం.

మన వైపు కస్టమర్ అడుగులు, అంగుళాల్లో చెబుతాడు, మేస్త్రీ సూత్‌లలో (అంగుళంలో ఎనిమిదో వంతు) చెబుతాడు, స్టీలు కొట్టువాడు మిల్లీమీటర్లంటాడు. కాలిక్యులేటర్ తీయక్కర్లేదు, కొలత గడిలో 5 ఫీట్ ప్లస్ 3 ఇంచ్ అని యూనిట్లతో సహా కొట్టినా సాఫ్ట్‌వేర్ తీసుకుంటుంది. బయటికి వెళ్ళే షీటులో మాత్రం మిల్లీమీటర్లు ఒక్కటే ఉంచు. రెండు రకాలూ కలిపి రాసిన షీటు షాపులో గొడవలకి మూలం.

షీటు అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తా. వస్తువు పై చూపు, పక్క చూపు షీటు మీద ఏ వైపు పెట్టాలనే దానికి మన దేశంలో ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ అనే పద్ధతి వాడతాం, భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ళ డ్రాయింగ్ పుస్తకం ఎస్‌పీ 46 కూడా అదే చెబుతుంది. టెంప్లేట్ ఎంచుకునేటప్పుడు ఐఎస్ఓ ఏ3 తీసుకో, అమెరికా టెంప్లేట్ తీసుకుంటే దానికి ఎదురు పద్ధతైన థర్డ్ యాంగిల్‌లో వచ్చి పక్క చూపు అటుది ఇటు అవుతుంది. గేటుకి పెద్దగా తేడా తెలియదేమో గానీ, రేపు జేకేపూర్ పేపర్ మిల్లు వైపు నుంచో థేరుబలి వైపు నుంచో ఒక బ్రాకెట్ పని వస్తే రంధ్రం అవతలి వైపు పడుతుంది, ప్లేటు మొత్తం వేస్టు. మోడల్ మార్చాక డ్రాయింగ్ షీటు తనంతట తాను మారదు, షీటు తెరిచి అప్‌డేట్ నొక్కాలి. నొక్కకుండా పీడీఎఫ్ తీసి వాట్సాప్‌లో పంపితే పాత కొలతలు వెళ్తాయి. మీ షాపులో వెల్డర్ ఒడియా చదువుతాడు, ఫిట్టర్ తెలుగు చదువుతాడు, ఆర్డర్ కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి. కాబట్టి వాక్యాలు తగ్గించి అంకెలు, వెల్డ్ గుర్తులు, ఒక పెద్ద డిటైల్ బొమ్మ పెట్టు. లేజర్ కటింగ్‌కి ప్లేటు పంపాల్సి వస్తే ఆ ముఖం మీద రైట్ క్లిక్ చేసి డీఎక్స్ఎఫ్‌గా (కటింగ్ మెషీన్లకి ఇచ్చే ఫైలు రకం) ఎక్స్‌పోర్ట్ చేసుకో, షీటు నుంచి తీస్తే స్కేలు తేడా వచ్చే అవకాశం ఉంది.

ఆన్‌లైన్ క్యాడ్‌కి సేవ్ బటన్ లేదేమిటి అని అడిగావు. టిక్ కొట్టిన ప్రతి పనీ సర్వర్‌లో అప్పుడే చేరిపోతుంది. కరెంటు పోతే తెరిచి ఉన్న డైలాగ్ వరకే నష్టం. కానీ సేవ్ అవుతోంది కదా అని వెర్షన్, అంటే ఆ క్షణానికి బొమ్మ ఎలా ఉందో అలాగే నిలిపి ఉంచడం, మానేయొద్దు. కస్టమర్‌కి ఏదైనా పంపే ప్రతిసారీ ముందు ఒక వెర్షన్ పెట్టి, దానికి "కస్టమర్‌కి పంపింది, 5 అడుగులు" లాంటి అర్థమయ్యే పేరు పెట్టు, అదే పేరు షీటు మూలన టైటిల్ బ్లాక్‌లో కూడా రాయి. వెర్షన్‌ని తర్వాత ఎవరూ మార్చలేరు, కాబట్టి "నేను చెప్పింది ఇది కాదు" అనే మాట వచ్చినప్పుడు తెరిచి చూపించవచ్చు. రెండు డిజైన్లు అడిగితే ఫైలు కాపీలు చేసుకుంటూ పోకుండా అదే ఫైలులో బ్రాంచ్ (పక్క దారి) తీసుకో, నచ్చినదాన్ని అసలు దారైన మెయిన్‌లో మెర్జ్ చెయ్యి, అంటే కలిపెయ్యి.

నెట్ విషయం. లెక్కలన్నీ సర్వర్ చేస్తుంది, బొమ్మ చూపించే పని మాత్రం నీ కంప్యూటర్‌ది. మోడల్ తిప్పుతుంటే పట్టి పట్టి తిరుగుతోందంటే అది నెట్ తప్పు కాకపోవచ్చు, క్రోమ్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడు. టిక్ కొట్టాక ఆలస్యమైతే అప్పుడు నెట్‌నో, బరువైన మోడల్‌నో అనుమానించు. ఫీచర్ లిస్టు పైన రీజనరేషన్ టైం (మోడల్‌ని మళ్ళీ లెక్కకట్టడానికి పట్టే సమయం) చూపించే గుర్తు ఉంది, ఏ ఫీచర్ ఎంత సమయం తింటోందో అందులో తెలుస్తుంది. సాధారణంగా ఎక్కువ సమయం తినేవి అంచులు గుండ్రం చేసే ఫిల్లెట్లు, వాటి మీద వేసిన ప్యాటర్న్‌లే. ఫిల్లెట్లు ఎప్పుడూ చివర్లో వెయ్యి. వాన రోజుల్లో మీ వైపు లైను ఎలా ఉంటుందో తెలుసు కదా, సాయంత్రం ఇంటికెళ్ళే ముందు మర్నాటి పనికి కావాల్సిన పీడీఎఫ్‌లు ఫోన్లోకి దింపుకో.

ఇప్పుడు నువ్వడిగిన షార్ట్‌కట్‌లు. షిఫ్ట్‌తో ఎస్ కొత్త స్కెచ్, షిఫ్ట్‌తో ఈ ఎక్స్‌ట్రూడ్, ఎన్ నొక్కితే స్కెచ్ నీకు ఎదురుగా తిరుగుతుంది, ఎఫ్ నొక్కితే బొమ్మ మొత్తం స్క్రీన్లో పడుతుంది, ఎల్ గీత, సీ వృత్తం, డీ కొలత, క్యూ నొక్కితే గీత సహాయ గీతగా మారుతుంది. ఒట్టి ఎస్ నొక్కితే మౌస్ పక్కనే టూల్స్ పట్టీ వస్తుంది, అందులో నువ్వు రోజూ వాడేవి పెట్టుకో. ఇవి చాలు. మిగతావి చేతికి వాటంతటవే వస్తాయి.

ఒకటి మాత్రం ఓనర్‌తో మొహమాటం లేకుండా మాట్లాడు. ఆన్‌షేప్ ఫ్రీ ప్లాన్‌లో డాక్యుమెంట్లన్నీ పబ్లిక్, ఎవరైనా చూడొచ్చు, కాపీ చేసుకోవచ్చు. పైగా వ్యాపారానికి వాడకూడదు. నువ్వు నేర్చుకోవడానికి అది బంగారంలా పనికొస్తుంది, కస్టమర్ ఇంటి గేటో ఫ్యాక్టరీ పనో అందులో పెట్టడం తప్పు. డబ్బు కట్టే ప్లాన్ తీసుకోమను, కుదరదంటే షాపు పని ఫ్రీక్యాడ్‌లో చెయ్యి, అది ఉచితం, నీ కంప్యూటర్లోనే ఉంటుంది, నెట్ అక్కర్లేదు, వ్యాపారానికీ వాడుకోవచ్చు. 2024లో 1.0 వెర్షన్ వచ్చింది. వేరియబుల్స్, స్కెచ్ కుదర్చడం, చివర్లో ఫిల్లెట్లు, పైన చెప్పిన పద్ధతంతా అందులోనూ పనిచేస్తుంది, బటన్ల చోటు మాత్రమే వేరు.

ఈ ఆదివారం లోపు ఆ గేటుని ప్రాక్టీసుకని వేరే కొలతలతో మళ్ళీ గీసి, షేర్‌లో నా మెయిల్ ఐడీ పెట్టు. ఎడిట్ పర్మిషన్ వద్దు, కామెంట్ చాలు. నేను పర్లాకిమిడి నుంచే తెరిచి, వెడల్పు ఎంత చేస్తే ఎక్కడ విరుగుతుందని నాకు అనుమానమో ఒక్కో చోటా కామెంట్ పెడతాను. నువ్వు అక్కడ అంకె మార్చి చూసి, విరిగితే విరిగిందని అక్కడే రాయి.

మీ మావయ్య