ఒక్కసారి నీ చేత్తో రాసి చూడు

చి. బంగారానికి,

జయనగర్ నుంచి మీ పిన్ని ఆశీర్వదించి రాసేది. మొన్న ఫోన్లో "హ్యాష్ కావాలంటే లైబ్రరీలో ఒక్క లైను రాస్తే వచ్చేస్తోంది పిన్నీ, లోపల ఏం జరుగుతోందో మాత్రం తెలియట్లేదు" అన్నావు. ఆ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషమేసింది. చాలామంది అడక్కుండానే ఉద్యోగాలు వెళ్లబుచ్చేస్తారు.

ఏ మెసేజ్‌నైనా ఒకే పొడవున్న గుర్తు సంఖ్యగా మార్చే లెక్కే కదా హ్యాష్. ఈ శని, ఆదివారాలు పీజీలో కూర్చుని అలాంటి లెక్కల్లో ఒకటైన షా-256ని నువ్వే రాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దాన్ని 2002లో ప్రమాణంగా ప్రకటించింది. ఆ 2002 ప్రతే దించుకో. వెనక అనుబంధంలో ప్రతి రౌండు (అంటే విలువల్ని ఒకసారి కలియతిప్పడం) తర్వాత ఏ విలువలు రావాలో వరసగా అచ్చువేశారు. ఎక్కడ తప్పావో నీకే దొరికిపోతుంది.

అందులోని మొదటి ఉదాహరణే తీసుకో. స్మాల్ లెటర్స్‌లో ఏ, బీ, సీ. మూడు బైట్లు, 24 బిట్లు. వాటి వెనక ఒక 1 పెట్టు, తర్వాత 423 సున్నాలు, చివరి 64 బిట్లలో మెసేజ్ పొడవు, అంటే 24. మొత్తం 512 బిట్లు, ఒక బ్లాకు. దాన్ని 32 బిట్ల చొప్పున 16 ముక్కలు చేసి, ఆ 16 నుంచి 64 ముక్కలు పుట్టించాలి.

ఇంకోపక్క ఎనిమిది ప్రారంభ విలువలు ఉంటాయి. అవి మొదటి ఎనిమిది ప్రధాన సంఖ్యల వర్గమూలాల్లో దశాంశ బిందువు తర్వాతి భాగం. రౌండుకొకటి చొప్పున కలిపే 64 స్థిరాంకాలు మొదటి 64 ప్రధాన సంఖ్యల ఘనమూలాల నుంచి వచ్చాయి. ఎవరూ తమకి అనుకూలమైన అంకెల్ని రహస్యంగా దూర్చలేదని లోకం సరిచూసుకోవడానికే ఈ ఏర్పాటు. ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చుతుంది.

ఒక్కో రౌండులో ఎనిమిదింటిలో ఆరు విలువలు పక్క స్థానానికి జరుగుతాయంతే. రెండే కొత్తగా తయారవుతాయి. పైథాన్‌లో రాస్తే ప్రతి కూడిక తర్వాత 32 బిట్లకి కోసెయ్యి, లేకపోతే సంఖ్య పెరిగిపోతూనే ఉంటుంది. మొదటి నాలుగైదు రౌండ్లు కాగితం మీద కూడా రాసి చూడు. ఒక బిట్ మార్పు రౌండు రౌండుకీ ఎలా పాకుతుందో కళ్లారా కనిపిస్తుంది.

64 రౌండ్లూ అయ్యాక, వచ్చిన ఎనిమిది విలువలకీ మొదట బయల్దేరిన ఎనిమిది విలువల్నీ కలపాలి. ఇక్కడ కాసేపు ఆగు. మెసేజ్ ముక్కలు తెలిసినవాడు ఆ 64 రౌండ్లనీ ఒక్కొక్కటిగా వెనక్కి నడపగలడు. చివర్లో ఈ కూడిక ఉండబట్టే వచ్చిన దారిన వెనక్కి పోవడం కుదరదు. ఈ కూడిక అయ్యాక మిగిలే 256 బిట్లే డైజెస్ట్, అంటే ఆ గుర్తు సంఖ్య. హెక్స్‌లో, అంటే పదహారు అంకెల పద్ధతిలో, రాస్తే 64 అంకెలు.

హ్యాష్‌కి బైట్లే తప్ప అక్షరాలు తెలియవు. మన తెలుగులో ఇది బాగా తగులుతుంది. "వైజాగ్" అని రాస్తే యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) 18 బైట్లు. కానీ ఐత్వాన్ని రెండు గుర్తులుగా విడదీసి దాచే పద్ధతి కూడా యూనికోడ్‌లో ఉంది, అప్పుడు 21 బైట్లు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, డైజెస్టులు మాత్రం పూర్తిగా వేరు. కాబట్టి తెలుగు పేర్లు హ్యాష్ చేసేముందు ఎన్‌ఎఫ్‌సీ రూపానికి, అంటే విడిపోయిన గుర్తుల్ని కలిపేసే యూనికోడ్ రూపానికి, మార్చు.

ఫోన్ నంబరు హ్యాష్ చేసి "దాచేశాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి, అంటే మహా అయితే 400 కోట్లు. గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాడు అన్నీ ప్రయత్నించి చూడటానికి నిమిషాలు చాలు. పాస్‌వర్డులకి ఉత్త షా-256 వద్దు, పాస్‌వర్డుల కోసమే కావాలని నెమ్మదిగా నడిచేలా చేసిన ఆర్గాన్2 గానీ బీక్రిప్ట్ గానీ వాడు. ఎండీ5 అనే పాత హ్యాష్ జోలికి వెళ్లకు, 2004లోనే దాని పని అయిపోయింది. మరో పాత హ్యాష్ షా-1కి కూడా 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ఒకే డైజెస్ట్ ఇచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు చేసి చూపించారు. ఇదంతా చూస్తూ కూడా పాత కోడ్‌లో వాటిని అలాగే వదిలేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

నువ్వు రాసిన షా-256ని మాత్రం ఆఫీసు కోడ్‌లో పెట్టకు. అక్కడ లైబ్రరీదే వాడాలి. నీది నేర్చుకోవడానికి.

ఏ, బీ, సీ సరిగ్గా వచ్చాక 55 బైట్ల మెసేజ్ ఇచ్చి చూడు, తర్వాత 56 బైట్లది. 55 ఒక్క బ్లాకులో పడుతుంది. 56కి ఆ 1కీ పొడవుకీ చోటు చాలక రెండో బ్లాకు కావాలి. సాధారణంగా అందరి కోడూ అక్కడే దెబ్బతింటుంది. నీది దెబ్బతినకపోతే ఆ రాత్రే ఫోన్ చెయ్యి, పదకొండైనా మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మీ పిన్ని