ఎక్స్5 గట్టిగా, జీఎల్ఈ మెత్తగా అనిపించడానికి కారణం టైర్లు కావచ్చు

టెస్ట్ డ్రైవ్‌లో బీఎండబ్ల్యూ ఎక్స్5 గతుకుల్లో కొడుతోందని, మెర్సిడెస్ జీఎల్ఈ తేలిపోతోందని అనిపించి, ఈ రెండు ఎస్‌యూవీల్లో ఏది కొనాలో తేల్చుకోలేకపోతున్నామని అడిగారు. మీరు నడిపిన రెండు బండ్లకీ చక్రాల సైజు, సస్పెన్షన్ (బండిని మోస్తూ కుదుపులు తగ్గించే ఏర్పాటు) ఒకటే అయి ఉండకపోవచ్చు. ఒకదానికి ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి తిత్తులు) ఉండి రెండోదానికి మామూలు స్ప్రింగులుంటే ఆ పోలికే చెల్లదు.

1. టైరు పక్కన రాసి ఉన్న సైజు చదవండి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. 275/45 ఆర్20 అంటే టైరు గోడ ఎత్తు 275 మిల్లీమీటర్ల వెడల్పులో 45 శాతం, దాదాపు 124 మిల్లీమీటర్లు, అదే 275/35 ఆర్22 అయితే 96 మాత్రమే, కుదుపుని మింగే రబ్బరు అంత తగ్గిపోతుంది. పైగా రన్‌ఫ్లాట్ టైరైతే (పంక్చరైనా కొంత దూరం నడిచేది) గోడ ఇంకా బిగువు.

2. టైర్లలో గాలి కొలిచి చూపించమనండి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర గానీ, ఇంధనం పోసే మూత లోపలి వైపు గానీ స్టిక్కర్ మీద ఉంటుంది. కొత్త బండ్లలో ఒక్కోసారి రవాణా కోసం ఎక్కువ కొట్టిన గాలి అలాగే ఉండిపోతుంది.

3. మీరు బుక్ చేసే వేరియంట్‌లో ఏ చక్రాలు, ఏ సస్పెన్షన్ వస్తాయో రాతపూర్వకంగా తీసుకుని, అలాంటి బండ్లే మళ్లీ అడగండి. అదే రోజు, అదే రోడ్డు. ఈసారి మీరు కాసేపు వెనక సీట్లో కూర్చోండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనీ తీసుకెళ్లండి.

వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) గురించి కూడా అడిగారు: ఎక్స్5 ది 2975, జీఎల్ఈ ది 2995 మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్ల తేడా చూసి బండి ఎంచుకోవద్దు.